గాలిని బంధించే పెట్టె

కొత్త సబ్‌వూఫరును అట్టపెట్టెలోంచి తీసి, దేనికీ బిగించకుండా బల్ల మీద పెట్టి, ఆంప్లిఫయరుకు తీగలు కలిపి, డప్పు మోత నిండుగా ఉన్న పాట పెట్టి చూడండి. కోను ముందుకూ వెనక్కూ ఎగిరిపడుతుంటుంది గానీ చెవికి పల్చటి చప్పుడు తప్ప ఏమీ అందదు. స్పీకరులో లోపమేమీ లేదు. కోను ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. ఒత్తుకున్న గాలి కోను అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది. 40 హెర్ట్జ్ ధ్వని అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంత పొడవున్న అలకు అడుగు వెడల్పు కోనును చుట్టి రావడం ఒక లెక్కలోది కాదు. ముందు పుట్టిన ధ్వనిని వెనక పుట్టిన ధ్వని మింగేస్తుంది.

ఆ రెంటినీ విడదీయడానికే పెట్టె కావలసి వచ్చింది. స్పీకరులో సగం ఆ పెట్టేనని నేను నమ్ముతాను. ఆ సగాన్ని ప్లైవుడ్ ముక్కలతో ఇంటి వరండాలో కూర్చుని చేసుకోగలుగుతున్నామంటే, దాని వెనక దాదాపు వందేళ్ల ఆలోచన ఉంది.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. అయస్కాంతం మధ్య తీగచుట్ట కదులుతూ కాగితపు కోనును ఊపే లౌడ్‌స్పీకరు గురించి అది. ఈనాటి కారు స్పీకరు కూడా మూలంలో అదే యంత్రం. వెనక ధ్వనిని అడ్డుకోవడానికి స్పీకరును పెద్ద పలకకు బిగించడమే అప్పటి ఉపాయం. ఆ వెనక ధ్వనిని వృథా చేయడమెందుకని బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ తురాస్ ఆలోచించాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా. మెడలోని గాలి బరువుగా, లోపలి గాలి స్ప్రింగుగా మారి ఊగడం వల్ల వచ్చే స్వరమది. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దాని లెక్క తేల్చాడు. తురాస్ స్పీకరు పెట్టెకు అలాంటి మెడ పెట్టాడు. ఎంచుకున్న స్వరం దగ్గర వెనక ధ్వని దిశ మారి, ముందు ధ్వనితో కలిసి బయటికొస్తుంది. 1932లో అతనికి పేటెంటు దక్కింది. గొట్టమున్న బేస్ పెట్టెలన్నీ ఆ వంశానివే.

ఇక రెండో వంశం. 1950ల మొదట్లో లోతైన బేస్ కావాలంటే అల్మరా అంత పెట్టె ఉండాల్సిందేనని అందరూ ఒప్పుకున్న మాట. న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఎడ్గర్ విల్చర్ దానికి ఒప్పుకోలేదు. కోనును పట్టి ఉంచే అంచు బిగువుగా ఉంటుంది. కోను ఎక్కువ దూరం కదిలేటప్పుడు ఆ బిగువు సమంగా పనిచేయక ధ్వని వికటిస్తుంది. విల్చర్ ఆ అంచును వదులు చేసేశాడు. చిన్న పెట్టెను గాలి చొరకుండా మూసి, కోనును వెనక్కి నెట్టే పనిని లోపలి గాలికి అప్పగించాడు. ఏ రబ్బరూ ఏ బట్టా గాలి అంత నికరమైన స్ప్రింగు కాలేవు. తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి కంపెనీ పెట్టి, 1954లో ఏఆర్-1 అనే స్పీకరును తెచ్చాడు. పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి ఆ లోతు వినిపించడం ఆ రోజుల్లో నమ్మశక్యం కాని సంగతి. ఆర్‌సీఏ కంపెనీలో హ్యారీ ఓల్సన్ ఇలాంటి ఆలోచనకే ముందు పేటెంటు తీసుకున్నాడని కోర్టులో తేలి, విల్చర్ పేటెంటు నిలవలేదు. తర్వాత ఆయన వినికిడి యంత్రాల మీద పనిచేశాడు, ఆ ఫలితాలకు పేటెంటు తీసుకోకుండానే లోకానికి ఇచ్చేశాడు. ఆయన మీద నాకున్న గౌరవానికి ఏఆర్-1 కన్నా ఇదే పెద్ద కారణం.

ఇంట్లో పెట్టె చేసుకునేవాళ్లకు అసలు మేలు చేసింది మాత్రం ఆస్ట్రేలియా. అప్పటిదాకా పెట్టె కొలత చాలావరకు ఊహ, అలవాటు. చేసి వినాలి, నచ్చకపోతే మళ్లీ కోయాలి. 1961లో నెవిల్ థీల్ గొట్టపు పెట్టెల మీద రాసిన పత్రం, 1970ల మొదట్లో సిడ్నీ యూనివర్సిటీ నుంచి రిచర్డ్ స్మాల్ ప్రచురించిన పత్రాలు కలిసి ఆ ఊహకు ముగింపు పలికాయి. స్పీకరును కొన్ని అంకెలలో చెప్పేయవచ్చని వాళ్లు చూపించారు. స్పీకరు తనంతట తాను ఊగే సహజ స్వరం ఎఫ్ఎస్. ఊగడం మొదలయ్యాక ఎంత త్వరగా ఆగుతుందో చెప్పేది క్యూటీఎస్. స్పీకరు అంచుకున్న బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుకు సమానమో చెప్పేది వీఏఎస్. ఇప్పుడు మంచి స్పీకరు కొంటే అట్టపెట్టెలోని కాగితం మీద ఈ అంకెలుంటాయి. లేని స్పీకరును నేనైతే కొనను.

లెక్క వేసి చూద్దాం. 12 అంగుళాల స్పీకరు, ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 60 లీటర్లు అనుకోండి. పెట్టె లోపల 30, 30, 32 సెంటీమీటర్లు ఉంటే 29 లీటర్లకు కాస్త తక్కువ గాలి పడుతుంది. వీఏఎస్‌ను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే 1.75 వస్తుంది. పెట్టెలో పెట్టాక స్పీకరు స్వరం 28ని దానితో హెచ్చిస్తే 49 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.4ను హెచ్చిస్తే పెట్టెతో కలిపిన క్యూ 0.7. పొంగూ కుంగూ లేని సమమైన బేస్‌కు అందరూ కోరుకునే అంకె ఆ 0.7. ఇప్పుడు అవే కొలతలను పెట్టె బయటివనుకుని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోశారనుకోండి. రెండు వైపులా పలక మందం పోతుంది, లోపల మిగిలేది 20 లీటర్లే. మూడోవంతు గాలి పోయింది! స్వరం 56కి ఎక్కుతుంది, క్యూ 0.8 అవుతుంది. ఇదింకా వినదగ్గదే. ఆపైన స్పీకరు అయస్కాంతం కూడా ఒకటి రెండు లీటర్లు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ మేరకు ముందే పెంచుకోవాలి. మన ఊళ్లలో ట్రాక్టర్లకూ ఆటోలకూ బిగించిన బాక్సుల్లో నేను విన్నవి చాలావరకు గుబగుబమనడానికి కారణమిదే. ఉన్న జాగాను చూసి పెట్టె కోస్తారు తప్ప స్పీకరు అంకెలు చూసి కాదు.

అంత మందపాటి పలక ఎందుకని అడిగేవారికీ లెక్కలోనే జవాబుంది. ఆ కోను ఒక సెంటీమీటరు లోపలికి వస్తే అర లీటరు గాలిని ఒత్తుతుంది. దాంతో పెట్టె లోపల పీడనం రెండున్నర శాతం దాకా పెరుగుతుంది. అడుగు చదరం పలక మీద ఆ తోపు సుమారు 22 కిలోల బరువుతో సమానం. మరుక్షణం అంతే బలంతో లోపలికి లాగుతుంది. ఇలా సెకనుకు 40 సార్లు. పలక వంగితే ఆ శక్తి బేస్ కాకుండా గిలకొట్టుకునే చప్పుడవుతుంది. పలక బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక 12 మిల్లీమీటర్ల ప్లైకన్నా 18ది మూడు రెట్లకు పైగా గట్టిది. ఎదురెదురు గోడల మధ్య ఒక అడ్డకర్ర బిగిస్తే ఇంకా మేలు.

ఎండీఎఫ్ చవక, నునుపు, బరువు. అయితే తడి తగిలితే ఉబ్బుతుంది. వానాకాలం కారు డిక్కీకి, ముఖ్యంగా కోస్తా తేమకు, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై మీదే నా మొగ్గు. షీటు కోశాక అంచుల్లో పొరల మధ్య ఖాళీలున్నాయేమో చూడాలి. అక్కడినుంచే గాలి కారుతుంది. మూలమట్టం పెట్టి చూడని మూల ఎప్పటికీ సరిగ్గా అతకదు. అంచుల్లో ముందు సన్నగా డ్రిల్ చేయకుండా స్క్రూ బిగిస్తే ప్లై పొరలు విచ్చుకుంటాయి. నిజానికి పెట్టెను పట్టి ఉంచేది ఫెవికాలే. అది ఆరేదాకా అదిమి ఉంచడమే స్క్రూల పని. వడ్రంగులు రంపపు పొట్టును ఫెవికాల్‌తో కలిపి సందులు పూడుస్తారు. లోపలి మూలలన్నిటికీ అది పట్టించాలి. 12 అంగుళాల స్పీకరుకు కోసే రంధ్రం దాదాపు 11 అంగుళాలే. అంచు కూర్చోవడానికి చెక్క మిగలాలి. బిగించాక లోతైన స్వరం పెట్టి, అతుకుల పక్కన వెలిగించిన అగరుబత్తిని నడిపితే, పొగ వణికిన చోట గాలి కారుతున్నట్టే.

గొట్టపు పెట్టె ఇంకా గట్టిగా మోగుతుంది, అయితే గొట్టం కొలత తప్పితే క్షమించదు. 40 లీటర్ల పెట్టెను 35 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే 75 మిల్లీమీటర్ల గొట్టం 21 సెంటీమీటర్లు చాలు, కానీ అంత సన్నని దారిలో గాలి బుస కొడుతుంది. బాత్రూమ్ పైపులైనుకు వాడే నాలుగంగుళాల పీవీసీ గొట్టం పెడితే బుస తగ్గుతుంది, పొడవు మాత్రం 44 సెంటీమీటర్లకు పెరుగుతుంది. శ్రుతి కిందికి వెళ్తే కోను వెనక స్ప్రింగే ఉండదు. ఆ కింది స్వరాలను ఆపే ఫిల్టరు లేకపోతే స్పీకరు చినిగిపోవచ్చు.

మొదటిసారి చేసేవారికి మూసిన పెట్టెనే చెబుతాను, కారు వల్లే. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లయితే, 70 హెర్ట్జ్ కిందికి దిగాక సగం అల కూడా అందులో పట్టదు. అప్పుడు లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా ఒత్తుకుని, వదులవుతుంది. స్వరం సగానికి పడిన ప్రతిసారీ 12 డెసిబెల్స్ దాకా బలం పెరుగుతుంది. మూసిన పెట్టె తన స్వరం కింద సరిగ్గా అంతే వేగంతో బలహీనపడుతుంది. ఒకటి పోగొట్టుకున్నది రెండోది పూడుస్తుంది. రేకు వంగడం వల్ల, తలుపుల సందుల వల్ల అచ్చం లెక్కలో ఉన్నంత రాదు గానీ, గదిలో నీరసంగా వినిపించిన పెట్టె డిక్కీలో బలంగా పలకడానికి కారణం ఇదే.

బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయాలి. కోను ముఖం ఎటుండాలో మాత్రం లెక్కకన్నా చెవే బాగా చెబుతుంది. ఒకరు ముందు సీటులో కూర్చుని వింటుంటే ఇంకొకరు పెట్టెను డిక్కీ తలుపు వైపు, పక్కకు, సీటు వైపు తిప్పి చూడాలి. బాగున్న చోట గుర్తు పెట్టుకుని, సడన్ బ్రేకు వేసినా కదలకుండా ఇనుప క్లాంపులతో అక్కడే బిగించేయాలి.