ఆయిల్ తాగే బండి, పేరు లేని యజమాని

వియత్నాం చూడబోయిన విదేశీ యాత్రికుల్లో కొందరు హనోయిలో ఒక పాత మోటార్‌సైకిల్ కొని, దక్షిణానికి నడుపుకుంటూ వెళ్లి, సైగాన్ అని ఇప్పటికీ పిలుచుకునే హో చి మిన్ నగరంలో దాన్ని అమ్మేస్తారు. హైవే మీదే వెళ్లినా సుమారు 1,700 కిలోమీటర్లు. కొండదారులు పడితే ఇంకా చాలా ఎక్కువ. 2008 డిసెంబరులో బిబిసి ‘టాప్ గేర్’ కార్యక్రమం ఇలాంటి ప్రయాణాన్నే, సైగాన్ నుంచి ఉత్తర దిక్కుగా, తెర మీద చూపించింది. తెర మీద కనిపించినా కనిపించకపోయినా ఈ ప్రయాణాల్లో తరచూ ఎదురయ్యే ఘట్టం ఒకటుంది. సగం దారిలో బండి నీలం పొగ వదులుతుంది, ఎత్తు ఎక్కదు, వేడెక్కాక స్టార్ట్ అవదు. నడిపేవారు ‘ఇంజన్ పోయింది’ అనుకుంటారు. ఈ జబ్బు పిస్టన్‌లో పుట్టడం తక్కువ, బండి చేతులు మారే పద్ధతిలో పుట్టడమే ఎక్కువ అని నా అభిప్రాయం. అందుకే స్పానర్ పట్టేముందు ఆ ఇంజన్ గతాన్ని చదవాలంటాను.

ముందు ఆ బండి ఏమిటో చూద్దాం. యాత్రికులు ఎక్కువగా కొన్నది ‘విన్’ అనే రకం. అసలు హోండా విన్ ఇండోనేషియాలో తయారైన 100 సీసీ బండి. ఆ పేరుతో, ఆ ఆకారంతో వియత్నాంలో తిరిగినవాటిలో చాలావరకు చైనా విడిభాగాలతో బిగించిన నకళ్లే. 2000 ప్రాంతంలో చవక చైనా బండ్లు అక్కడి మార్కెట్‌ను ముంచెత్తాయి. వాటిని తట్టుకోవడానికే హోండా 2002లో ‘వేవ్ ఆల్ఫా’ను తక్కువ ధరకు దింపింది. విన్ ఇంజన్ తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1985లో మన దగ్గరికి వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ తర్వాతి స్ప్లెండర్ కూడా ఈ వంశానివే. సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, గాలికే చల్లబడుతుంది, వంద సీసీకి కాస్త తక్కువ. స్ప్లెండర్ విప్పి బిగించిన మెకానిక్‌ను విన్ ముందు కూర్చోబెడితే చేతులు వాటంతట అవే కదులుతాయి. లక్ష కిలోమీటర్లు తిరిగిన స్ప్లెండర్లు మన ఊళ్లలో కొల్లలుగా ఉన్నాయి. అలాంటి వంశంలో పుట్టిన ఇంజన్ అక్కడ మధ్యదారిలో ఎందుకు చతికిలబడుతోంది? నకళ్లలో లోహం నాసిరకం కావడం ఒక కారణమే. అయితే అసలు హోండా భాగాలున్న పాత బండ్లకూ ఇదే గతి పడుతోంది కాబట్టి, లోహం ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు కాలేదు.

జవాబులో పెద్ద వాటా ఆయిల్‌ది. ఈ ఇంజన్లలో పట్టేది లీటరు లోపే. కార్లలోలా తీసి పారేసే కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ముతక చెత్తను ఆపే జాలీ ఒకటి, గిరగిరా తిరుగుతూ మురికిని అంచుకు విసిరే చిన్న గిన్నె ఒకటి, అంతే. మిగిలిన నలుసంతా ఆయిల్‌లోనే తిరుగుతుంది. అది బయటికి పోవాలంటే ఆయిల్ మార్చడం తప్ప దారి లేదు. పైగా గాలితో చల్లబడే ఇంజన్‌లో లోపలి వేడిని కొంత మోసుకుపోయేదీ ఆయిలే. వెయ్యి కిలోమీటర్లకొకసారి మార్చి, రోజూ మట్టం చూస్తే ఈ ఇంజన్ ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఆ పని ఎవరు చేస్తారు? బండి ఒక్కొక్కరి చేతిలో మూడు నాలుగు వారాలు ఉంటుంది. పర్యాటక వీసా మీద వచ్చినవారు తమ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకోవడం తేలిక కాదు కనుక కాగితం మీద మొదటి యజమాని పేరే ఉండిపోయి, కార్డు మాత్రం చేతులు మారుతుంది. ఆయిల్ ఒక్కటే కాదు, ఎయిర్ ఫిల్టర్ చిరిగినా దాని ఫలితం ఐదు వేల కిలోమీటర్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ బండి మూడో మనిషి దగ్గర ఉంటుంది. చిరిగిన ఫిల్టర్ గుండా వెళ్లిన దుమ్ము సిలిండర్ గోడను గరుకు కాగితంలా రుద్దుతుంటే, దాన్ని మార్చాల్సిన అవసరం ఏ ఒక్కరికీ తమ పాలబడ్డ నెలలో కనిపించదు. అమ్మినవారు చెప్పే కథా, కేబుల్ తెగి ఎప్పుడో ఆగిపోయిన మీటరూ ఈ చరిత్రను చెప్పలేవు. ఇంజన్ చెబుతుంది.

పొగనే తీసుకోండి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున కిక్ కొట్టగానే నీలం పొగ ఒక్కసారి వదిలి ఆగిపోతే, వాల్వు సీళ్లు గట్టిపడి రాత్రి ఆయిల్ కిందికి జారిందని అర్థం. హ్యూ, దా నాంగ్ నగరాల మధ్య హై వాన్ కనుమ నడిచేటప్పటి పొగను పరీక్షించడానికి సరిగ్గా సరిపోయే చోటు. దాని కింద 2005లో సొరంగం తెరిచినా మోటార్‌సైకిళ్లను అందులో నడపనివ్వరు. అందువల్ల బండి నడుపుకుంటూ వెళ్లేవారికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు దిగుడు తప్పదు. ఎక్కేటప్పుడు ఆగకుండా పొగ వస్తుంటే అనుమానం ఎక్కువగా పిస్టన్ రింగుల మీద, సిలిండర్ మీద పెట్టుకోవాలి. మన మెకానిక్కులు ‘బోరుకొచ్చింది’ అనేది దీన్నే. యాక్సిలరేటర్ వదిలేసి దిగి, అడుగున మళ్లీ తిప్పగానే గుప్పున పొగ వస్తే వాల్వుల వైపు చూడాలి. మూసిన కార్బురేటర్ వెనక సిలిండర్‌లో ఏర్పడే శూన్యం వాల్వు సీళ్ల సందుల గుండా ఆయిల్‌ను లాగేస్తుంది. (ఉత్తరాది కొండల్లో తిరిగే మిన్‌స్క్ బండికి ఈ లెక్క వర్తించదు. అది టూ స్ట్రోక్. పెట్రోలుతో కలిసి ఆయిల్ కాలడం దాని స్వభావం.) అనుమానం తీరాలంటే ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, కిక్ కొట్టి కంప్రెషన్ చూడాలి. తక్కువ వస్తే ఆ రంధ్రంలోంచే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. అంకె పెరిగితే ఆయిల్ రింగుల సందు పూడ్చిందన్నమాట, అంటే తప్పు అక్కడే. పెరగకపోతే చాలావరకు వాల్వులు సరిగా మూసుకోవడం లేదన్నమాట. పది నిమిషాల ఈ పని ఇంజన్ దించాలా వద్దా అన్నది తేలుస్తుంది.

చప్పుడు విషయంలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. పైన టకటకలాడే ఇంజన్‌ను చూసి భయపడి, నిశ్శబ్దంగా ఉన్నదాన్ని కొంటారు. టాపెట్ దగ్గర ఉండాల్సిన సందు మామూలు కాగితం మందం కన్నా తక్కువ. అది కాస్త పెరిగితే చప్పుడు వస్తుంది, వెంటనే పెద్ద నష్టమేమీ ఉండదు. పూర్తిగా తగ్గిపోతే చప్పుడు మాయమవుతుంది కానీ వాల్వు మూసుకోదు, తాను ఆనే సీటుకు తన వేడిని ఇవ్వలేదు, అంచు కాలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు మామూలుగా స్టార్టయి, వేడెక్కాక మొరాయించే బండికి ముందుగా చూడాల్సింది ఇదే. అమ్మేవారు బండిని ముందే వేడి చేసి ఉంచారంటే, మీకు కనిపించాల్సిన సాక్ష్యాల్లో ముఖ్యమైనవి చెరిగిపోయినట్టే. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడటం కొనేవారి మొదటి పని కావాలి.

ఇంత పరిశోధన దేనికి, వియత్నాంలో వీధికొక ‘సువా సే’ అన్న రిపేరు బోర్డు ఉంటుంది, పూట తిరిగేలోపు కొత్త పిస్టన్ వేసి పంపిస్తారు కదా అని అనొచ్చు. కోట్లాది మోటార్‌సైకిళ్లున్న దేశంలో ఆ మెకానిక్కుల నైపుణ్యం మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ భాష తెలియని యాత్రికుడు పొగ చూపించి సైగ చేస్తే వాళ్లు కూడా కళ్లకు కనిపించినదాన్నే బాగుచేయగలరు. అరిగి కోలగా మారిన సిలిండర్‌లో కొత్త రింగులు వేస్తే అవి గోడకు అతుక్కోవు. బోరు చేయించి వేసినా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. మర్నాడే కొండెక్కే తొందరలో ఉన్నవారికి ఆ ఓపిక ఉండదు. చవక బండికి ఈ శ్రమ దండగ, అద్దెకు తీసుకుంటే పోతుంది కదా అనేవారితో నాకు పేచీ లేదు. అద్దె బండికి ఏడాది పొడుగునా ఒకే యజమాని ఉంటాడు, ఫిల్టర్ చిరిగితే నష్టం అతనిదే. ఆ సలహా నా వాదనకే బలం.

గట్టిగా ఆలోచించాల్సిన అభ్యంతరం మరొకటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గి గమ్యం చేరుతుంది కదా అన్నది. చేరవచ్చు, అందులో అబద్ధం లేదు. అయితే కారుకు పోసే ఆయిల్ కాకూడదు. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. జారుడు మందులు కలిసిన కారు ఆయిల్ పడితే క్లచ్ జారి, ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. దాన్ని చూసి ఇంజన్ బలం పోయిందనుకుని మళ్లీ విప్పిస్తారు. చిక్కటి ఆయిల్ పోసినా ఎంత తాగుతోందో కొలవక తప్పదు. చదునైన చోట, పొద్దున్నే, డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఆనించి మట్టం చూడాలి. వంద కిలోమీటర్లకు వంద మిల్లీలీటర్లు పోతుంటే, రోజుకు నూటయాభై కిలోమీటర్ల చొప్పున మూడు రోజుల్లో ఉన్నదాంట్లో సగం ఖాళీ. అలాంటి బండిని ఆపి బోరు చేయించాల్సిందే. ఐదు వందల కిలోమీటర్లకు అంత తాగితే, ఒక సీసా వెంట ఉంచుకుని పోస్తూ సైగాన్ చేరడం నా లెక్కలో సమంజసమే. అక్కడ అమ్మేటప్పుడు మాత్రం ఆ అంకెను, చివరిసారి ఆయిల్ మార్చిన తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, రిజిస్ట్రేషన్ కార్డుతో పాటు కొనేవారి చేతిలో పెట్టాలి. బండిని చల్లగా ఉన్నప్పుడే చూపించాలి.