ఢిల్లీలో సుంకం మారితే ప్రొద్దుటూరులో తులం ధర ఎందుకు మారుతుంది?

"ఏందన్నా, పొద్దున ఒక రేటు చెప్తివి, ఇప్పుడింకొకటి చెప్తాండావు?" కూతురి పెళ్లి నగల కోసం జమ్మలమడుగు నుంచి వచ్చినామె అడిగినా, చీనీకాయలు అమ్మిన డబ్బు చేతబట్టుకుని వచ్చిన పులివెందుల రైతు అడిగినా ప్రశ్న ఇదే. బంగారు వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరున్న ప్రొద్దుటూరులోనూ రేటు అంగడాయన చేతిలో ఉండదు. ప్రపంచ మార్కెట్‌లో ధర, డాలరుతో రూపాయి మారకం, మన ప్రభుత్వం వేసే దిగుమతి సుంకం, ఈ మూడూ కలిస్తేనే రేటు. మొదటి రెండూ రోజంతా కదులుతూనే ఉంటాయి. మూడోది ఏళ్ల తరబడి ఒకచోటే కూర్చుని, ఉన్నట్టుండి ఒకరోజు ఎగిరి దూకుతుంది. చిన్న అంగళ్లను కుదిపేది ఆ దూకుడే.

సుంకం ఇంత ముఖ్యం ఎందుకయింది? మన దగ్గర బంగారం పండదు గనుక. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. కర్ణాటకలోని హట్టి గనిలో వచ్చేది మన వాడకానికి ఏ మూలకూ చాలదు. ఏటా వందల టన్నులు బయటినుంచే రావాలి. లెక్క తేలిగ్గా ఉండేందుకు పది గ్రాముల ధర ఓడరేవు దగ్గర లక్ష రూపాయలనుకుందాం. సుంకం 15 శాతమైతే లక్షా 15 వేలు. 6 శాతమైతే లక్షా 6 వేలు. దానిమీద 3 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే మొదటిది 1,18,450 రూపాయలు, రెండోది 1,09,180. బంగారం అదే, తేడా మాత్రం తొమ్మిది వేల పైమాటే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. మా అవ్వ కడియం ఏ ఓడా ఎక్కి రాలేదు కదా, దానికీ ఈ సుంకం పట్టిన ధర ఎందుకు పలుకుతుంది? పాత కడియం కరిగిస్తే వచ్చే బంగారానికీ, నిన్న విమానంలో దిగిన కడ్డీకీ తేడా లేదు. కొత్త గ్రాము ఎంతకు దొరుకుతుందో, మచ్చు తీసి చూశాక పాత గ్రాముకూ దాదాపు అంతే విలువ కడతారు. అందుకే సుంకం పెరిగినరోజు బీరువాలోని నగ కూడా బరువు పెరక్కుండానే విలువ పెరుగుతుంది.

ఆ సుంకం ఎన్నిసార్లు మారిందో చూడండి. బంగారానికి డాలర్లు తరలిపోతున్నాయని 2013లో ఒక్క ఏడాదే మూడుసార్లు పెంచి, 4 శాతం నుంచి 10కి తెచ్చారు. 2019 జూలైలో 12.5 అయింది. 2021 ఫిబ్రవరిలో సెస్సులతో కలిపి 10.75కి తగ్గింది. 2022 జూలైలో మళ్లీ 15కి ఎక్కింది. 2024 జూలై 23 నాటి బడ్జెట్‌లో ఒక్కసారిగా 6కి దిగింది.

తగ్గితే అందరికీ మంచిదే కదా? కొనేవాళ్లకు మంచిదే. అంగట్లో అరకిలో నగలు పెట్టుకున్న చిన్న వ్యాపారి సంగతి చూద్దాం. 15 శాతం సుంకం పడిన ధరకే అతను సరుకు కొన్నాడు. పైన వేసిన లెక్క ప్రకారమే జీఎస్టీ పక్కనబెట్టినా, పది గ్రాములకు తొమ్మిది వేల చొప్పున నాలుగున్నర లక్షలు ఒక్క పూటలో పోతాయి. పెద్ద కంపెనీ అంగళ్లు బ్యాంకు నుంచి బంగారాన్నే అప్పు తెచ్చుకుంటాయి, అమ్మినప్పుడే ధర తేల్చుకుంటాయి. వాయిదా మార్కెట్‌లోనూ ముందే జాగ్రత్త పడతాయి. సొంత డబ్బుతో సరుకు కొని అద్దాల పెట్టెలో పెట్టుకున్నవాడికి ఆ గొడుగులేవీ లేవు.

మరి పెరిగితే అతనికి లాభం కాదా? కాగితం మీద లాభమే. అమ్మిన నగ స్థానంలో మళ్లీ అంతే బరువు పెట్టాలంటే చేతిలోని డబ్బు చాలదు. వచ్చేవాళ్లేమో పెళ్లికి ఇంత అని రూపాయల్లో అనుకుని వస్తారు. ఆ డబ్బుకు రెండు తులాల గాజులు రావు, ఒకటిన్నర తులంతో సరిపెట్టుకుంటారు. అంగట్లో గ్రాములు తగ్గితే వెనక గదిలో ఆచారికి మజూరీ తగ్గుతుంది. గ్రాముకింత అని కూలి తీసుకునేవాడికి బంగారం ధర పెరిగి ఒరిగేదేమీ లేదు. పని ముగిశాక బల్లకింద దుమ్ము ఊడ్చి, అందులోని రజను కూడా దాచే మనిషి అతను. అందరికంటే ముందు మనం తలచుకోవలసింది అతన్నే. 1963లో బంగారు నియంత్రణ పేరుతో 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయరాదని ఆంక్ష పెట్టినప్పుడు దేశమంతా మొదట పని పోగొట్టుకున్నది కంసాలులే.

ఇది ఒక్క బంగారం కథే కాదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకుపై సుంకాన్ని 145 శాతానికి పెంచింది. ఆటల పెట్టెలు చైనాలో అచ్చువేయించుకునే అమెరికాలోని చిన్న బోర్డ్ గేమ్ ప్రచురణకర్తలు ఇరుక్కుపోయారు. వాళ్లలో చాలామంది కొనేవాళ్ల దగ్గర డబ్బు ముందే తీసుకుని ఆట తయారు చేయిస్తారు. పుచ్చుకున్నది పాత ధర, రేవులో కట్టాల్సింది కొత్త సుంకం. మే నెలలో 30 శాతానికి దించారు గానీ, ఆ నడుమ సరుకు తెప్పించాలో ఆపాలో తేల్చుకోలేక నలిగిపోయారు.

మన దగ్గర పెళ్లికి నగలు చేయమని అడ్వాన్సు ఇవ్వడమూ ఇలాంటిదే. ఆర్డరుకూ డెలివరీకీ మధ్య సుంకం మారితే ఆ తేడా ఎవరిది? ఆ మాట ముందుగా తెగకపోతేనే ఏళ్ల నాటి పరిచయాలు చెడేది. కాబట్టి చీటీ చేతికి తీసుకునేటప్పుడు బరువు, తరుగు, మజూరీ చూసుకున్నాక ఇంకొక్క సంగతి కూడా దానిమీద రాయించుకోండి: ఈ రోజు రేటా, నగ చేతికందే రోజు రేటా అని.