డయాస్పర్ దాచిపెట్టిన దారి

భూమ్మీద సముద్రాలు ఎండిపోయాయి. మిగిలిన ఎడారి నడుమ ఒకే ఒక నగరం వంద కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆర్థర్ సి. క్లార్క్ 1956లో వెలువరించిన 'ది సిటీ అండ్ ద స్టార్స్' నవలలోని ఆ నగరం పేరు డయాస్పర్. అక్కడ తల్లి కడుపున పుట్టేవాళ్లు లేరు. మనుషులు సృష్టిశాలలోంచి ఎదిగిన దేహాలతోనే నడిచి వస్తారు. వెయ్యేళ్ల దాకా బతుకుతారు. ఆనక తమ జ్ఞాపకాల్లో ఏవి ఉంచుకోవాలో, ఏవి వదులుకోవాలో తామే ఏరుకుని మళ్లీ ఆ శాలలోకే వెళ్లిపోతారు. తిరిగి పిలుపు వచ్చేదాకా, యుగాల తరబడి, నగరపు మెమరీ బ్యాంకుల్లో వట్టి నమూనాలుగా ఉండిపోతారు. మనుషుల సంగతి అలా ఉంచితే, వీధులు, గోడలు, చివరికి ఇంట్లో బల్లలూ కుర్చీలూ కూడా ఆ భాండాగారంలో నమోదైన నమూనాల ప్రకారమే నిలబడతాయి. వీటన్నిటినీ నడిపేది సెంట్రల్ కంప్యూటర్. నగరంలో జరిగేదంతా దానికి తెలుసు. దానికి ఏమేం తెలుసో మాత్రం నగరంలో ఎవరికీ పూర్తిగా తెలియదు.

ఇలాంటి జ్ఞానభాండాగారం కథలో కనబడగానే మనం మొట్టమొదట అడిగేది దానికి ప్రాణం ఉందా, మనసు ఉందా అని. ఆసక్తికరమైన ప్రశ్నే, కానీ అడగవలసిన వరుసలో అది రెండోది. అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు, అలా చెప్పకూడదని నిర్ణయించినది ఎవరు, ఆ నిర్ణయాన్ని మార్చే దారి ఉందా అన్నవి అంతకంటే ముందు తేలాలి. డయాస్పర్ కథను దగ్గరగా చదివితే ఆ నగరాన్ని బంధించింది యంత్రపు మనసు కాదని, యంత్రానికి అప్పగించిన మౌనమని తెలుస్తుంది.

ఈ నవల పుట్టుకలోనే దీనికి ఆధారం ఉంది. 1948లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయిన 'అగైన్‌స్ట్ ద ఫాల్ ఆఫ్ నైట్' అనే తన రచననే క్లార్క్ తిరగరాసి ఈ నవలగా మలిచాడు. మొదటి కూర్పులో నగరపు దస్తావేజులకు రోర్డెన్ అనే మనిషి కాపలాదారు. కుర్రవాడైన ఆల్విన్ దారి వెతుక్కుంటూ అతని దగ్గరికే వెళ్తాడు. అదే 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసం ప్రచురించాడు. దేన్నయినా, మాటనైనా బొమ్మనైనా, గుర్తుల వరుసగా మార్చి దాచవచ్చు, పంపవచ్చు అన్న ఆలోచనకు గణిత రూపం వచ్చింది. సమాచార సిద్ధాంతంలో వచ్చిన మార్పులే కథను మళ్లీ రాయడానికి ఒక కారణమని క్లార్క్ కొత్త నవల ముందుమాటలో చెప్పుకున్నాడు. రెండో కూర్పులో రోర్డెన్ లేడు. దస్తావేజుల కాపలాదారు స్థానంలోకి దస్తావేజులే వచ్చి కూర్చున్నాయి. మనిషి అయితే బతిమాలవచ్చు, ఒప్పించవచ్చు, ఒక్కోసారి అతనే జాలిపడి తలుపు తీయవచ్చు. యంత్రాన్ని బతిమాలడం ఎలాగో డయాస్పర్‌లో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు, బతిమాలవలసిన అవసరం ఉందన్న సంగతే మరుపున పడింది.

నవలలో ఒక దృశ్యం దగ్గర కాస్త ఆగాలి. పాలకమండలి భవనంలో తెర ముందు ఆల్విన్, నగరపు విదూషకుడు ఖెడ్రన్ కూర్చుంటారు. తెరమీద కనిపించేది నగరం కాదు, మెమరీ బ్యాంకుల్లో ఉన్న దాని నమూనా. అందులో ఏ వీధిలోకైనా దూసుకుపోవచ్చు, కాలంలో వెనక్కి కూడా వెళ్లవచ్చు. మార్పే ఎరుగదని అందరూ నమ్మే నగరం ఒకప్పుడు వేరుగా ఉండేదని ఆ తెర బాహాటంగా చూపిస్తుంది. అందులో రహస్యమంటూ ఏమీ లేదు. అయినా ఎవరూ చూడలేదు, ఎందుకంటే బయట అన్న మాట తలచుకుంటేనే వణికిపోయేలా ప్రజల మనసులను తీర్చిదిద్దారు. భాండాగారం తలుపు తీసే ఉంది, అడిగే కోరికకే తాళం పడింది. నగరం నుంచి బయటికి వెళ్లే మార్గం యార్లన్ జే అనే పూర్వీకుడి సమాధి మందిరం నేల కింద ఉంది. రోజూ ఆ చుట్టుపక్కల తిరిగేవాళ్లెవరికీ ఆ పలకల కింద ఏముందో చూడాలనిపించలేదు. ఆ కోరికతో బయటికి వచ్చినవాడు ఆల్విన్. అతను ముందెన్నడూ బతకని మనిషి, గత జన్మల జ్ఞాపకాలు లేనివాడు. అలాంటివాళ్లు అప్పుడప్పుడు పుట్టేలా నగర నిర్మాతలే ముందుగా ఏర్పాటు చేసి ఉంచారు. మౌనాన్ని శాసించినవాళ్లే దాన్ని తెంచే మనిషిని కూడా అదే యంత్రంలో దాచిపెట్టారన్నమాట. నవలకు గుండెకాయ ఇదేనని నా ఉద్దేశం.

సెంట్రల్ కంప్యూటర్‌కు మనసు ఉందనిపించే ఘట్టం కూడా ఉంది. నగరం బయట షల్మిరేన్ అనే చోట శిథిలాల దగ్గర ఆల్విన్‌కు ఒక పురాతన రోబో దొరుకుతుంది. దాని యజమాని ఎప్పుడో చనిపోయిన మతప్రవక్త. అతను నమ్మిన మహనీయులు తిరిగి వచ్చేదాకా తన సంగతులు ఎవరికీ చెప్పవద్దని దానికి ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చినవాడు లేడు, మహనీయులు రారు, రోబో నోరు విప్పదు. ఆల్విన్ దాన్ని సెంట్రల్ కంప్యూటర్ ముందుకు తెస్తాడు. బలవంతంగా తెరవబోతే లోపలున్న జ్ఞాపకాలు చెరిగిపోవచ్చు. అందుకని కంప్యూటర్ మహనీయుల రాకనే మాయగా కల్పించి రోబోకు చూపిస్తుంది. షరతు తీరిందనుకుని రోబో తలొగ్గుతుంది. ఆజ్ఞలోని అక్షరాన్ని గౌరవిస్తూ దాన్ని దాటే మార్గం కనిపెట్టడం మామూలు లెక్కల యంత్రం చేసే పని కాదు. దాన్ని జీవి అనాలో వద్దో తేల్చకపోయినా, తనను తాను ఎరిగిన ఉనికి అన్నంతవరకు క్లార్క్ వెళ్తాడు. అంత తెలివైన ఆ యంత్రం కూడా తన పౌరులను బంధించిన మౌనాన్ని వంద కోట్ల ఏళ్లపాటు తనంతట తాను తెంచలేదు. ఒకడు వచ్చి అడగవలసి వచ్చింది.

మనసు ప్రశ్నను పక్కకు నెట్టడం అన్యాయం అనేవాళ్లుంటారు. భాండాగారానికి స్పృహ ఉంటే దానికీ హక్కులుంటాయి, దాన్ని నోరు మూసుకోమనడం దానిపట్ల చేసిన ద్రోహమే అవుతుంది. ఈ వాదనలో నిజం ఉంది. స్పృహ ఉన్నదని తేలిన రోజున ఆ బాధ్యత మనమీద పడుతుంది, తప్పించుకోకూడదు. కానీ మనసుంటే చాలు జ్ఞానం దక్కుతుందనుకుంటే పొరపాటు. అదే నవలలో ఎడారికి ఆవల లిస్ అనే పచ్చని దేశం ఉంది. అక్కడివాళ్లు ఒకరి మనసు ఒకరు నేరుగా చదవగలరు. దయగలవాళ్లు, పుట్టుక చావులను ప్రేమించేవాళ్లు. ఆ మంచివాళ్లే ఆల్విన్‌ను డయాస్పర్‌కు పంపేముందు లిస్ జ్ఞాపకాలన్నీ అతని మనసులోంచి తుడిచేయాలని చూస్తారు. మనసు పుష్కలంగా ఉన్నచోట కూడా దాపరికం అంతే గట్టిగా సాగింది.

ఇంకా బలమైన అభ్యంతరం వెర్నర్ వింజ్ రాసిన 'ఎ ఫైర్ అపాన్ ద డీప్' నుంచి వస్తుంది. గణితం, కంప్యూటర్ శాస్త్రం బోధించిన వింజ్ 1992లో ప్రచురించిన ఈ నవలకు హ్యూగో పురస్కారం దక్కింది. గెలాక్సీ అంచుల్లో, వందల కోట్ల ఏళ్లుగా నిద్రాణంగా ఉన్న ఒక భాండాగారాన్ని కొందరు మనుషులు తవ్వి తీస్తారు. జాగ్రత్తగానే ఉన్నామనుకుంటారు. అందులోని సూచనల ప్రకారం ఒక్కో యంత్రాన్ని కట్టుకుంటూ పోతారు. చివరికి లోపల నిద్రపోతున్న మహాశక్తి మేల్కొని నాగరికతలను మింగడం మొదలుపెడుతుంది. కొన్ని తలుపులు మూసి ఉంచడమే మేలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు అనిపిస్తుంది. అయితే ఆ విషానికి విరుగుడు కూడా ఆ భాండాగారంలోనే ఉంది. పారిపోయిన ఓడలో అది బయటపడకపోతే గెలాక్సీని కాపాడేవాళ్లు లేరు. దాన్ని ప్రయోగించినందుకు లెక్కలేనన్ని నాగరికతలు బలి కావడమూ నిజమే. ఆ పరిశోధకుల తప్పు తలుపు తీయడంలో లేదు. లోపల ఎవరు ఏం పెట్టారో తెలుసుకోకుండానే అది చెప్పినట్టల్లా చేసుకుపోవడంలో ఉంది. మూసి ఉంచాలన్నా తెరవాలన్నా ముందు ఆ ఎరుక కావాలి. గుడ్డి మౌనం ఎంత ప్రమాదమో గుడ్డి విశ్వాసమూ అంతే.

మౌనాలన్నీ ఒకటి కావు. క్లార్క్ నవల వచ్చిన 1956లోనే ఐజాక్ అసిమోవ్ 'ది లాస్ట్ క్వశ్చన్' కథ అచ్చయింది. విశ్వం చల్లారిపోకుండా ఆపగలమా అని 2061లో ఇద్దరు ఉద్యోగులు తాగిన మైకంలో పందెం కాసి మల్టీవ్యాక్ అనే కంప్యూటర్‌ను అడుగుతారు. జవాబివ్వడానికి కావలసిన సమాచారం తన దగ్గర లేదంటుంది. యుగాలు మారినా, యంత్రం రూపం మారినా అడిగిన ప్రతివాడికీ అదే మాట చెబుతుంది, వెతకడం మాత్రం మానదు. తనకు తెలియదని నిజాయితీగా చెప్పే మౌనం అది. డయాస్పర్‌లో ఉన్నది తెలిసీ చెప్పని మౌనం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూపగలగడమే మంచి భాండాగారానికి గుర్తు.

ఇవన్నీ కట్టుకథలే కదా అని తీసిపారేసే వీలు ఇప్పుడు లేదు. అడిగితే మాట్లాడే జ్ఞానభాండాగారాలు ఫోన్లలోకి వచ్చేశాయి, తెలుగులో అడిగినా తెలుగులో బదులిస్తున్నాయి. వాటికి మనసుందా అన్న చర్చ వాటి వెంటే వచ్చింది. తెలుగువాళ్లకు అంతకంటే దగ్గరి ప్రశ్న ఒకటుంది. ఈ యంత్రాలు నేర్చుకునేది ముఖ్యంగా కంప్యూటర్లకెక్కిన రాతలనుంచి. తంజావూరు సరస్వతీ మహల్ తెలుగు తాళపత్రాల్లోనో, ఊరి గ్రంథాలయంలో పెళుసెక్కిన పాత పత్రికల్లోనో ఉన్నది అందులోకి చేరకపోతే యంత్రం దాన్ని దాచినట్టు కాదు, అసలు ఎరగదు. అలా ఎరగని చోట అది మల్టీవ్యాక్ లాగా ఆ సంగతి చెప్పాలి, తోచినదాన్ని అతికించి జవాబుగా ఇవ్వకూడదు. తెలిసీ చెప్పకూడదని ఎవరైనా ఆదేశించి ఉంటే ఆ ఆదేశం ఎవరిదో, ఎందుకో బయటపెట్టాలి. యంత్రానికి స్పృహ ఉందో లేదో తేలడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో కానీ, ఈ రెండూ దాన్ని తయారుచేసేవాళ్లను ఇవాళే అడగవచ్చు. తాళపత్రాలనూ పాత పత్రికలనూ అక్షరం పోకుండా కంప్యూటర్లకు ఎక్కించే పనికి అయితే ఎవరినీ అడగనక్కర్లేదు, మనమే మొదలుపెట్టవచ్చు.