ఏడూళ్ల పరుగు వద్దు... మూడు మజిలీలు చాలు
ఇటలీ వెళ్లే అమ్మానాన్నల కోసం

పన్నెండు రోజులు, ఏడు ఊళ్లు. రోమ్, నేపుల్స్, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్, వెరోనా, మిలాన్. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు, తమను చూడవచ్చిన అమ్మానాన్నల కోసం వేసే ఇటలీ పట్టిక చాలావరకు ఇలాగే ఉంటుంది. మళ్లీ ఇంత దూరం ఎప్పుడొస్తారో, ఏదీ మిగలకూడదన్నది వాళ్ల ఆరాటం. పొలం కౌలుకిచ్చి, పాడిగేదెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, అరవయ్యో ఏట తొలిసారి విమానం ఎక్కినవాళ్లకు నిజంగానే అది ఒక్కసారి ప్రయాణం. పట్టిక తప్పయితే దిద్దుకునే వీలు లేదు.

కాశీ, గయ, ప్రయాగ స్పెషల్ బస్సెక్కి వచ్చినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. తెల్లవారుజామున ఒక ఊళ్లో దింపుతారు. స్నానం, దర్శనం, భోజనం అయ్యేసరికి డ్రైవరు హారన్ కొడతాడు. ఇంటికొచ్చాక ఏం చూశారని అడిగితే ముందు గుర్తొచ్చేది బస్సే. ఇటలీలోనూ అదే జరుగుతుంది. కాకపోతే అక్కడ సామాను మోయడానికి కూలీ దొరకడు.

పెట్టె ఎత్తిన ప్రతిసారీ పూట పోతుంది

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగంగా పోయే రైలు గంటన్నరలో చేరుస్తుంది. పిల్లలు చూసేది ఆ గంటన్నరనే. అసలు లెక్క వేరు. పొద్దున పది, పదకొండింటికల్లా లాడ్జి గది ఖాళీ చేయాలి. పెట్టెలతో స్టేషను చేరాలి. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో బోర్డు మీద పడేది బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందే. అప్పుడు అందరూ ఒక్కసారిగా కదులుతారు. దిగాక కొత్త లాడ్జి వెతుక్కోవాలి. అక్కడ గది మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. గంటన్నర ప్రయాణానికి ఒక పూట పోయింది. ఏడూళ్లకు ఆరు మార్పులు, అంటే మూడు రోజులు పెట్టెల పాలే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏమేం చూడాలన్నది కాదు, ఎన్నిసార్లు బస మార్చాలన్నది. పన్నెండు రాత్రులకు మూడు బసలు సరిపోతాయి. రోమ్‌లో నాలుగు, పల్లెలో నాలుగు, ఫ్లోరెన్స్‌లో నాలుగు. విమానం రోమ్‌లో దిగేట్టు, తిరుగు విమానం ఫ్లోరెన్స్ నుంచో మిలాన్ నుంచో ఎక్కేట్టు టికెట్టు తీసుకుంటే వెనక్కి రోమ్ రావాల్సిన పని తప్పుతుంది.

వీసా సంగతి ఒక మాట. జర్మనీలో పిల్లల దగ్గర ఎక్కువ రోజులుండి ఇటలీలో పన్నెండు రోజులు గడిపేవారు జర్మనీ వీసాకే దరఖాస్తు పెట్టుకోవాలి. షెంగెన్ వీసా ఒక్కటుంటే రెండు దేశాలకూ చెల్లుతుంది. దాంతోపాటు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండి తీరాలి. పయనానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు. పదిహేను రోజుల లోపు మిగిలాక పెట్టుకుంటే కుదరదు.

నెల కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబరు, అక్టోబరు మంచివి. జులై, ఆగస్టుల్లో రోమ్, ఫ్లోరెన్స్‌లలో 35 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ మనకు కొత్త కాదు గానీ, రాతి వీధుల్లో రోజంతా నడవడం కొత్త. మనకు స్వాతంత్య్ర దినమైన ఆగస్టు 15 వాళ్లకూ పెద్ద సెలవే. ఆ వారంలో చిన్న దుకాణాలు, కుటుంబాలు నడిపే హోటళ్లు చాలా వరకు మూసి ఉంటాయి.

రోమ్‌లో సగం రోజే పని

రోమ్‌లో రోజుకు ఒక్కటే పెద్ద చోటు పెట్టుకుని, మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ బయటికెళ్లడం మేలు. కొలోసియం ఒక పొద్దు, వాటికన్ ఒక పొద్దు. రెండింటికీ వేళ రాసిన టికెట్టు ముందే కొనుక్కోవాలి. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. చర్చీల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలన్న నియమం ఉంది. చీర, పంచె కట్టినవాళ్లకు ఆ చిక్కే లేదు.

నీళ్ల సీసాలు కొనాల్సిన అవసరం కూడా లేదు. రోమ్ వీధుల్లో 2 వేలకు పైగా ఇనుప కుళాయిలున్నాయి. 1874లో పెట్టడం మొదలెట్టారు. కొంగ ముక్కులా వంగిన గొట్టం నుంచి మంచినీళ్లు పడుతూనే ఉంటాయి. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి నీళ్లు చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల అంతకు మించి. యూరో అంటే వంద రూపాయల అటూ ఇటూ అని గుర్తుంటే ఎక్కడ నిలబడాలో, ఎక్కడ కూర్చోవాలో తేలుతుంది.

కోరు రైతు ఇల్లే అతిథి ఇల్లు

ఈ యాత్రలో మనవాళ్లకు అన్నిటికంటే నచ్చేది మధ్య మజిలీ. రోమ్, ఫ్లోరెన్స్‌ల నడుమ కియుసి అనే స్టేషనుంది. ప్రతి ఊళ్లో ఆగే మామూలు రైలు అక్కడ ఆగుతుంది. స్టేషను దాటి కొండల్లోకి వెళితే మోంతెపుల్చానో, పియెంజా ఊళ్లు. చుట్టూ గోధుమ చేలు, ద్రాక్ష తోటలు, ఆలివ్ చెట్లు, గొర్రెల మందలు. ఓర్చా నది లోయగా పిలిచే ఆ నేలను, రైతులు సాగుతో తీర్చిదిద్దిన అందమని చెప్పి 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఆ అందం వెనుక కథ మన పల్లెలకు తెలియనిది కాదు. టస్కనీ కొండల్లో వందల ఏళ్లు సాగింది కోరు సేద్యమే. భూమి, ఇల్లు ఆసామివి. చాకిరీ రైతు కుటుంబానిది. పంట చెరిసగం. కింది అంతస్తులో ఎడ్లు, పై అంతస్తులో మనుషులు. చలికాలం పశువుల వేడి పైకి తగిలేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1950, 60 దశాబ్దాల్లో ఫ్యాక్టరీల కూలి పిలిచింది. కుటుంబాలకు కుటుంబాలు కొండ దిగి పట్నం పోయాయి. కొత్తగా కోరు ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం వచ్చేనాటికి చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. బీడు పడ్డ ఆ నేలకు సార్డీనియా దీవి నుంచి గొర్రెల కాపర్లు మందలతో వచ్చారు. పియెంజా గొర్రెపాల జున్నుగడ్డకు ఈనాడున్న పేరులో వాళ్ల చేయి ఉంది.

మిగిలిన రైతులను నిలబెట్టడానికి 1985లో ఇటలీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రైతు తన ఇంట్లో అతిథులకు బస ఇచ్చి, అన్నం పెట్టి, డబ్బు తీసుకోవచ్చు. షరతు ఒక్కటే. సేద్యం చేస్తుండాలి, అతిథుల పని దానికి తోడుగానే ఉండాలి. పొలం మానేసి హోటలు నడుపుతానంటే ఒప్పుకోరు. 2006లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చినా షరతు అలాగే ఉంది. వడ్డించే భోజనంలో సొంత పొలం సరుకు, చుట్టుపక్కల సరుకు ఎక్కువగా ఉండాలి. ఇప్పుడు ఇలాంటి ఇళ్లు దేశమంతటా 25 వేలకు పైగా ఉన్నాయి. ఎడ్లు కట్టిన కింది అంతస్తే చాలాచోట్ల భోజనశాల అయింది. గిట్టుబాటు లేదని పొలం వదిలేద్దామనుకున్న ఇంటికి ఆ గదుల బాడుగే ఊపిరి. దీన్ని అగ్రితురిస్మో అంటారు. బస వెతికేటప్పుడు ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి.

సెప్టెంబరులో వెళితే ద్రాక్ష కోత కనిపిస్తుంది. అక్టోబరు చివర, నవంబరులో అయితే ఆలివ్ ఏరుడు. చెట్టు కింద వల పరిచి, దువ్వెనలాంటి పనిముట్లతో కొమ్మలను దువ్వుతారు. రాలిన కాయను నిలవ పెట్టకుండా ఒకటి రెండు రోజుల్లోపే గానుగకు తోలతారు. ఆలస్యమైతే నూనె రుచి చెడుతుంది. కొత్త నూనెను కాల్చిన రొట్టె మీద పోసుకుని తినడం అక్కడ సంబరం. గానుగ నూనె వాసన ఎరిగిన మనిషికి మ్యూజియంలో గంట నిలబడటం కంటే ఆ గానుగ దగ్గర గంట నిలబడటమే ఇష్టంగా ఉంటుంది.

వంటిల్లు ఉన్న బస అడిగి తీసుకుంటే తిండి చిక్కు తీరుతుంది. అన్నం, పప్పు వండుకోవచ్చు. ఊరగాయ వెంట ఉంటే చాలు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మిఠాయి మాత్రం సంచిలో పెట్టుకోకూడదు. ఐరోపా దేశాల్లోకి బయటి నుంచి పాలు, మాంసంతో చేసినవి తేవడం నిషేధం. విమానాశ్రయంలో తీసి పారేస్తారు. శాకాహారులు హోటల్లో మరో రెండు సంగతులు చూసుకోవాలి. రిసొత్తో అనే అన్నం కూరగాయలదే అయినా మాంసం రసంతో ఉడికించి ఉండొచ్చు. పర్మేజాన్ జున్నుగడ్డను దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. టమాటా పాస్తా, జున్ను లేని మరినారా పిజ్జా నిశ్చింతగా తినొచ్చు. ఇంకో మాట, రాత్రి భోజనం ఏడున్నర దాకా దొరకదు. ఆరింటికే తినే అలవాటున్న పెద్దవాళ్లకు అదొక్కటీ కష్టం.

పల్లె బసకు ఇబ్బంది బండిది. బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. స్టేషను నుంచి తీసుకెళతారా, లేక టాక్సీ మాట్లాడి పెడతారా అని ఇంటివారిని ముందే అడగాలి. పిల్లలు కారు అద్దెకు తీసుకుంటే సరే. మన లైసెన్సుతో నడిపేవారు ఇక్కడి రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు తీసుకెళ్లాలి. సియెనా, ఫ్లోరెన్స్‌లాంటి పాత పట్నాల నడిబొడ్డుకు బయటి కార్లు వెళ్లకూడదు. కెమెరా నంబరు పట్టేస్తుంది. జరిమానా కాగితం నెలలు గడిచాక ఇంటికొస్తుంది. ఊరి బయట కారు పెట్టి నడవడమే క్షేమం.

గాడిదలు ఎదురుపడని బావి

పల్లెలో ఉన్న రోజుల్లో ఒక పూట ఓర్వియెతో వెళ్లి రావాలి. కియుసి నుంచి మామూలు రైల్లో దాదాపు అరగంట. ఊరు నిలువు కొండ మీద ఉంటుంది. స్టేషను ఎదుట నుంచి తీగతో లాగే చిన్న రైలు పైకి చేరుస్తుంది. దిగిన చోటి పక్కనే ఒక బావి. 1527లో శత్రు సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు ఏడో క్లెమెంట్ పోపు పారిపోయి ఈ కొండెక్కాడు. ముట్టడి పడితే నీళ్లెలా అన్న భయంతో ఈ బావి తవ్వించాడు. 1537లో పూర్తయింది. లోతు 50 మీటర్ల పైనే. లోపల గోడ చుట్టూ రెండు మెట్ల దారులు ఒకదాన్నొకటి పెనవేసుకుని దిగుతాయి గానీ మధ్యలో ఎక్కడా కలవవు. ఒక దారిన గాడిదలు ఖాళీగా దిగి, అడుగున వంతెన దాటి, నీళ్లతో రెండో దారిన ఎక్కేవి. ఎదురుబొదురు పడి నిలిచిపోయే బాధ లేదు. దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికీ అన్నే. మోకాళ్ల నొప్పులవారు పైనుంచి తొంగి చూసినా పనితనం తెలుస్తుంది.

మామూలు రైళ్ల టికెట్టు ముందు కొన్నా, అప్పుడు కొన్నా ధర ఒకటే. కాగితం టికెట్టును ఎక్కేముందు స్టేషనులోని చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్టు ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా. తెలియక దొరికిపోయే యాత్రికులు ఎందరో. వేగంగా పోయే రైళ్లకు సీటు నంబరుంటుంది, ముద్ర అక్కర్లేదు. ముందుగా కొంటే చవక.

ఫ్లోరెన్స్‌లో బస ఉన్నా నాలుగు రోజులూ అక్కడే తిరగక్కర్లేదు. ఉఫీజీ, దావీదు విగ్రహం ఉన్న అకాదెమియా రెండూ సోమవారం మూత. పెద్ద చర్చి గోపురం 1436లో ముగించిన కట్టడం. ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు. కింద చౌకులో కూర్చుని చూడటానికి డబ్బూ పడదు, ఆయాసమూ రాదు. ఒక రోజు లూకా వెళ్లొచ్చు. కోట గోడ నాలుగు కిలోమీటర్లకు పైగా చెక్కుచెదరకుండా ఉంది. గోడ మీదే చెట్ల నీడన చదునైన బాట, సాయంత్రం నడకకు వీలు. ఇంకో రోజు బోలోన్యా. పాత పట్నంలోనే 38 కిలోమీటర్ల పొడవున కప్పు వేసిన నడవలున్నాయి. వానొచ్చినా గొడుగు తీయక్కర్లేదు.

మరి వెనిస్? పిల్లలు ఊరుకోరు, అది నిజం. కానీ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే వెనిస్ రద్దీ తప్ప మరేమీ చూపించదు. 2024 నుంచి ఎంచిన కొన్ని రోజుల్లో అలా వచ్చిపోయేవారి దగ్గర ప్రవేశ రుసుం కూడా వసూలు చేస్తున్నారు. రాత్రి బస చేసేవారికి ఆ రుసుం లేదు. ఊళ్లో కార్లు లేవు, 400కు పైగా వంతెనలు, చాలా వాటికి మెట్లే. పెట్టె మోస్తూ నాలుగు వంతెనలు దాటితే పెద్దవాళ్ల పని అయిపోయినట్టే. వెళ్లాలనుకుంటే ఫ్లోరెన్స్‌లో రెండు రాత్రులు తగ్గించి అక్కడ పడుకోవాలి. పడవ రేవు పక్కనే, లిఫ్టు ఉన్న బస చూసుకోవాలి. తిరుగు విమానం కూడా వెనిస్ నుంచే ఎక్కితే సరి.

విమానం ఏ ఊరి నుంచైనా, చివరి రాత్రి ఆ ఊళ్లోనే పడుకోవాలి. అక్కడ రైళ్ల సమ్మెలు తరచూ వస్తాయి. ముందుగానే తేదీ ప్రకటిస్తారు. పనిదినాల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కొన్ని మామూలు రైళ్లు నడిపి తీరాలన్న నియమం ఉన్నా, పెట్టెలతో ఆ జనంలో ఎక్కడం పెద్దవాళ్ల వల్ల కాదు. పల్లెలో కొన్న నూనె సీసా ఉంటే చేతి సంచిలో కాదు, ఆ రాత్రే బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోవాలి.