పది పొడవాటి బోల్టులు

బర్మింగ్‌హామ్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో తయారై 1989లో రోవర్ 200 కారుతో రోడ్డెక్కిన కె సిరీస్ ఇంజిన్‌ను విప్పితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. పైన హెడ్, దాని కింద బ్లాక్, ఆ కింద క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే నిచ్చెన ఆకారపు పోత, అన్నిటికంటే అడుగున ఆయిల్ రైల్ అనే పట్టీ. అన్నీ అల్యూమినియమే. వీటన్నిటినీ పట్టి ఉంచేవి పది ఉక్కు బోల్టులు. ఒక్కోటి దాదాపు 400 మిల్లీమీటర్లు. హెడ్ పైనుంచి దిగి, ఇంజిన్ అంతా దాటుకుని, అడుగునున్న ఆయిల్ రైల్ మరల్లో బిగుసుకుంటాయి.

చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టు గానీ స్టడ్ గానీ బ్లాక్‌లోకి కొంతదూరం దిగి ఆగిపోతుంది. పేలుడు ఒత్తిడికి హెడ్ పైకి లేవబోతే ఆ లాగుడంతా బ్లాక్ మరల మీద పడుతుంది. పోత అల్యూమినియం నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును అంతగా తట్టుకోలేదు. అందుకే రోవర్ ఇంజినీర్లు లాగుడు పని ఉక్కుకు, నొక్కుడు పని అల్యూమినియానికి అప్పగించారు. బ్లాక్ గోడలు పలచగా, ఇంజిన్ తేలిగ్గా రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంత శుభ్రమైన ఆలోచన ఇంజిన్ల చరిత్రలో తరచుగా కనిపించదు.

బిగించిన బోల్టు నిజానికి ఒక స్ప్రింగు. అది కాస్త సాగి, మళ్లీ వెనక్కి ముడుచుకోవాలని లాగుతుంటుంది. హెడ్‌ను అదిమిపట్టేది ఆ లాగుడే. 400 మిల్లీమీటర్ల బోల్టును వెయ్యో వంతు సాగదీస్తే 0.4 మిల్లీమీటరు పెరుగుతుంది, 100 మిల్లీమీటర్ల బోల్టు 0.1 మాత్రమే పెరుగుతుంది. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గాస్కెట్ అణిగి 0.05 మిల్లీమీటరు దిగిందనుకుందాం. పొట్టి బోల్టు పట్టులో సగం పోతుంది. పొడవాటి దానికి పోయేది ఎనిమిదో వంతే.

వేడి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లటి ఇంజిన్ 80 డిగ్రీలు వేడెక్కితే, 400 మిల్లీమీటర్ల ఎత్తులో ఈ రెండు లోహాల మధ్య తేడా 0.35 మిల్లీమీటరు దాకా వస్తుందని లెక్క. అంటే కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ బోల్టులు మరికాస్త సాగుతాయి, ఆపినప్పుడు సడలుతాయి. పొడవాటి బోల్టు కాబట్టే దీన్ని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది.

బిగించే పద్ధతి కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. ముందు ప్రతి బోల్టును 20 న్యూటన్ మీటర్లకు బిగించాలి. తర్వాత టార్క్ రెంచ్ పక్కన పెట్టేసి, వరుసలో ఒక్కోదాన్ని అరచుట్టు తిప్పాలి, మళ్లీ ఇంకో అరచుట్టు. టార్క్ రెంచ్‌నే చివరిదాకా ఎందుకు నమ్మరంటే, మనం పెట్టే బలంలో చాలా భాగం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే ఖర్చయిపోతుంది, పదో వంతు అటూ ఇటుగా మాత్రమే సాగదీయడానికి మిగులుతుంది. తుప్పు పట్టిన మరకూ నూనె రాసిన మరకూ రెంచ్ ఒకే అంకె చూపించినా లోపలి పట్టు ఒకటి కాదు. తిప్పిన చుట్టు మాత్రం అబద్ధమాడదు.

ఇంజిన్ విప్పాక పాత బోల్టులు మళ్లీ వాడొచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఒక హద్దు దాకా సాగిన ఉక్కు వదలగానే యథాస్థితికి వస్తుంది. హద్దు దాటితే పాత నవారులా సాగింది సాగినట్టే ఉండిపోతుంది. చాలా కంపెనీలు విప్పితే కొత్తవి వేయమని ఒక్క మాటతో తేల్చేస్తాయి. రోవర్ అలా చేయలేదు, కొలిచి చూడమంది. హెడ్ తీసేశాక ప్రతి బోల్టునూ శుభ్రం చేసి, దాని పాత రంధ్రంలోకే మెల్లగా దించి, చేత్తోనే తిప్పాలి. పైనుంచి జారవిడిస్తే అడుగున మర దెబ్బతింటుంది. మర మొత్తం దిగిపోతే బోల్టు బాగున్నట్టే. దిగకపోతే బ్లాక్ పైతలం నుంచి బోల్టు తల అడుగుదాకా కొలవాలి. 97 మిల్లీమీటర్లు దాటితే దాన్ని పక్కన పడేయాల్సిందే. బోల్టు వయసు చూసి కాకుండా దాని ఒంటి తీరు చూసి తీర్పు చెప్పే ఈ పద్ధతి నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది.

అయితే ఈ పరీక్ష సాగుడునే పట్టుకుంటుంది. తుప్పు గుంటలు, నలిగిన మరలు కంటితో చూసుకోవాలి. హెడ్ తీసి ఉన్నప్పుడు క్రాంక్ తిప్పకూడదన్న హెచ్చరికనూ మరవకూడదు. సిలిండర్ లైనర్లను అదిమి ఉంచేది హెడ్డే కాబట్టి, విడిగా క్లాంపులు వేయకుండా తిప్పితే అవి కదిలి అడుగున సీలు పోతుంది.

1990లలో ఇదే బ్లాక్ కొలతల్లో లైనర్ల వ్యాసమూ పిస్టన్ స్ట్రోకూ పెంచి 1.8 లీటర్ల ఇంజిన్ చేశారు. ఎంజీ ఎఫ్, లోటస్ ఎలీజ్, ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్ అన్నిటిలోనూ అదే. హెడ్ గాస్కెట్లు పోతాయన్న చెడ్డపేరు దీంతోనే బలపడింది. కారణం ఒక్కటి కాదు. లైనర్ల ఎత్తులో తేడాలు, హెడ్‌ను సరిచోట నిలిపే ప్లాస్టిక్ డోవెల్ పిన్నులు, తక్కువ నీళ్లతో నడిచే కూలింగ్, అన్నీ కలిశాయి. నింద మాత్రం తరచూ బోల్టుల మీద పడింది.

ఈ ఇంజిన్‌ను వేరే కారులోకి మార్చేవాళ్లు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నారు. తుక్కు దుకాణంలో కొన్న ఇంజిన్‌ను అంతకుముందు ఎవరు, ఎన్నిసార్లు విప్పారో తెలియదు. అలాంటప్పుడు హెడ్ తీయక తప్పకపోతే కొత్త సెట్టు వేయడమే నయం, పది బోల్టుల ఖర్చు రెండోసారి హెడ్ దించే కూలిలో కొంతే. ఒకే చేతిలో నడిచిన కారైతే కొలిచి, నెగ్గినవాటిని ధైర్యంగా తిరిగి వాడొచ్చు. చాలామంది చూడని చోటు ఆయిల్ రైల్. కొత్త బోల్టు కూడా దిగాల్సింది ఆ పాత అల్యూమినియం మరల్లోకే. తర్వాత వచ్చిన మరమ్మతు కిట్లలో పొరల ఉక్కు గాస్కెట్‌తో, గట్టి బోల్టులతో పాటు మరింత బలమైన ఆయిల్ రైల్‌ను కూడా చేర్చారు.