నాణేనికి అంచు కట్టిన యంత్రం

సుత్తి దెబ్బతో అచ్చయిన నాణెం వంకరటింకరగా ఉండేది. అంచున కాస్త వెండి కత్తిరించుకుని, మిగిలినదాన్ని పాత విలువకే మార్చేసినా ఎవరూ కనిపెట్టలేరు. దొరికితే మరణశిక్షే. అయినా 17వ శతాబ్దపు ఇంగ్లండులో కత్తెర ఆగలేదు.

విరుగుడు యంత్రమేనని లండన్ టవర్ టంకశాలకు ముందే తెలుసు. 1561లోనే ఎలోయ్ మెస్ట్రెల్ అనే ఫ్రెంచివాడు అక్కడ మరప్రెస్సుతో గుండ్రని నాణేలు తీశాడు. సుత్తి పనివాళ్లకు కంటగింపయ్యాడు, కొలువు పోయింది. 1578లో దొంగ నాణేల నేరం కింద ఉరికంబమెక్కాడు.

1649లో మరో ఫ్రెంచివాడు, పీటర్ బ్లాండో వచ్చాడు. పాత పనివాళ్లు ఆయననూ అడ్డుకున్నారు. 1662లో రెండో చార్లెస్ రాజు ఆయనతో ఒప్పందం చేసుకున్నాక గానీ యంత్రం కుదురుకోలేదు. గుర్రాలు తిప్పే రోలర్ల మధ్య వెండి రేకు సమంగా సాగేది. అందులోంచి కోసిన బిళ్ళల మీద ప్రెస్సు బొమ్మ ఒత్తేది. కిటుకంతా అంచులోనే. పెద్ద నాణేల అంచున అక్షరాలు, చిన్నవాటికి గాట్లు. గీకితే ఇట్టే తెలిసిపోతుంది. అంచు వేసే పద్ధతిని బ్లాండో గుట్టుగా ఉంచాడు.

చిక్కేమిటంటే, పాత నాణేలు చలామణిలోనే ఉన్నాయి. తరిగిన నాణెం చెల్లుతుంటే నిండు నాణెం ఎవరు ఖర్చుపెడతారు? జనం కొత్తవి దాచారు, కరిగించారు, విదేశాలకు పంపారు. 1695 నాటికి పాత నాణేలు దాదాపు సగం బరువు కోల్పోయాయి.

అప్పుడు రేగింది వివాదం. నాణెంలో వెండిని ఐదో వంతు తగ్గించాలన్నాడు ఖజానా కార్యదర్శి విలియం లౌండ్స్. పాత తూకం తప్పకూడదన్నాడు తత్వవేత్త జాన్ లాక్. పార్లమెంటు లాక్ వైపు మొగ్గింది. 1696లో పాత నాణేలను వెనక్కి తీసుకున్నారు. టంకశాల వార్డెన్‌గా ఐజాక్ న్యూటన్ వచ్చాడు. బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్‌లలో తాత్కాలిక టంకశాలలు వెలిశాయి. తరుగు నష్టం పూడ్చడానికి కిటికీల మీద పన్ను పడింది. కొత్త నాణేలు చాలక, రెండేళ్ల కిందటే పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ మేలో తన నోట్లకు పూర్తి నగదు చెల్లించలేకపోయింది.

యంత్రం కత్తెరను ఓడించింది గానీ, వెండి ధరను కాదు. విదేశాల్లో వెండికి ఎక్కువ ధర పలికినందున నిండు నాణేలు మళ్లీ ఓడలెక్కాయి.

దాదాపు వందేళ్ల తర్వాత, గుర్రాలు తిప్పిన నాణేల యంత్రాలకు ఆవిరి శక్తిని జోడించింది బర్మింగ్‌హామ్‌కు చెందిన మాథ్యూ బౌల్టన్. ఆయన సోహో టంకశాలలో తయారైన 1794 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలు మన ఉత్తర సర్కారుల కోసం అచ్చయినవే. అలాంటి 48 నాణేలు ఒక రూపాయి.