రెండు చిన్న దేశాల వర్తక శేషం: భూటాన్, మాల్దీవులు

వర్తక శేషాన్ని ఎలా లెక్కిస్తారో గత విభాగంలో తెలుసుకొన్నారు. ఒక సంవత్సరంలో ఎగుమతి చేసిన వస్తువుల విలువ నుంచి దిగుమతి చేసుకొన్న వస్తువుల విలువను తీసివేస్తే సరిపోతుంది. తీసివేత తేలికే, వచ్చిన అంకెకు అర్థం చెప్పడంలోనే చిక్కు ఉంది. లోటు పెరిగితే దేశం చెడిపోతోందని, తగ్గితే బాగుపడుతోందని పరీక్షల్లో చాలామంది రాస్తుంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో, పది లక్షల లోపు జనాభా గల రెండు దేశాల అనుభవంలో పరిశీలిద్దాం.

ముందుగా ఒక జాగ్రత్త. భూటాన్ కరెన్సీ మన రూపాయితో సమాన విలువకు ముడిపడి ఉంది. మాల్దీవుల రుఫియా డాలరుతో ముడిపడి ఉంది. కాబట్టి రెండింటి లోటును నేరుగా పక్కపక్కన పెట్టరాదు. దిగుమతుల్లో ఎగుమతులు ఎంత శాతమో చూడటం మేలు. ఊహాత్మక ఉదాహరణ: ఒక దేశపు దిగుమతులు 100, ఎగుమతులు 40 అయితే లోటు 60. పదేళ్ల తరవాత దిగుమతులు 300, ఎగుమతులు 180 అయితే లోటు 120. లోటు రెట్టింపైంది. కాని ఎగుమతులతో తీరుతున్న దిగుమతుల భాగం 40 నుంచి 60 శాతానికి పెరిగింది.

భూటాన్ ప్రధాన ఎగుమతుల్లో ఒకటి కొండవాగుల నీటితో తయారయ్యే విద్యుత్తు, కొనేది భారతదేశం. 1980ల చివర 336 మెగావాట్ల చుఖా కేంద్రం, 2006-07లో 1,020 మెగావాట్ల తాలా కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాయి. తాలా వచ్చాక 2007లో భూటాన్‌కు వర్తక మిగులు కూడా వచ్చింది. అది నిలవలేదు. కొత్త కేంద్రాల నిర్మాణానికి యంత్రాలు, ఉక్కు, ఇతర సామగ్రి దిగుమతి చేసుకోవాలి. ఆదాయాలు పెరిగిన కొద్దీ వాహనాల వంటి వినియోగ వస్తువుల కొనుగోలూ పెరిగింది. 2012 నాటికి భారత రూపాయలకు తీవ్రమైన కొరత ఏర్పడింది. ఈ రెండు రకాల దిగుమతులూ లోటును ఒకేలా పెంచుతాయి. అయితే యంత్రం రేపటి ఎగుమతికి పెట్టుబడి, కారు కాదు. యంత్రం విషయంలోనూ హామీ లేదు: 1,200 మెగావాట్ల పునత్సాంగ్‌ఛూ-1 నిర్మాణం 2013లో కొండవాలు జారడంతో ఏళ్ల తరబడి ఆలస్యమైంది. అప్పు, వడ్డీ మాత్రం ఆగవు. చలికాలంలో నదుల్లో నీరు తగ్గి భూటానే మన నుంచి విద్యుత్తు కొంటుంది. అందువల్ల ఒకటి రెండు నెలల అంకెలతో కాక, పూర్తి సంవత్సరపు అంకెలతోనే పోల్చాలి.

మాల్దీవుల కథ వేరు. అమ్మడానికి ఉన్న ప్రధాన వస్తువు ట్యూనా చేప. బియ్యం, కూరగాయలు, సిమెంటు, డీజిలు అన్నీ ఓడల్లో రావలసిందే. ఏటేటా వస్తు వ్యాపారంలో భారీ లోటు తప్పదు. అయినా దేశం నడుస్తోందంటే 1972లో మొదలైన పర్యాటక రంగమే కారణం. పర్యాటకుడు గదికి చెల్లించే డాలర్లు సేవల ఎగుమతి. అవి వర్తక శేషంలో కాక, కరెంటు ఖాతాలో కనిపిస్తాయి.

2020ని చూడండి. కోవిడ్ వల్ల మార్చి చివరి నుంచి జులై మధ్య వరకు పర్యాటకులకు తలుపులు మూసుకొన్నాయి. 2019లో 17 లక్షలున్న పర్యాటకుల సంఖ్య సుమారు 5.5 లక్షలకు పడిపోయింది. జాతీయోత్పత్తి సుమారు మూడో వంతు కుంచించుకుపోయింది. ఆ ఏడాది వర్తక లోటు మాత్రం తగ్గింది! రిసార్టులు ఖాళీగా ఉంటే వాటికి కావలసిన ఆహారం, ఇంధనం ఎవరు తెప్పిస్తారు? ఉద్యోగాలు పోయిన ఏడాదినే, ఒక్క అంకెను నమ్మినవారు మంచి ఏడాదిగా లెక్కగడతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక దేశంలో వర్తక లోటు వరుసగా మూడేళ్లు పెరిగింది. దానిపై వ్యాఖ్యానించే ముందు మీరు అడిగి తెలుసుకోవలసిన విషయాలను పది పంక్తుల్లో రాయండి.